కుట్టుమిషను నూనె

ముందు తూటా లేదని చూడాలి.
కంటితో ఒకసారి,
చిటికెనవేలు లోపలికి పెట్టి ఒకసారి.
"కన్ను ఆశపడతాది, వేలు పడదు"
అన్నాడు నాకీ పని నేర్పిన జొగి మిస్త్రీ,
పర్లాకిమిడిలో, సగం ఒడియా సగం మన మాట.
ఆ పైన మూడోసారి కూడా చూస్తాను నేను.
ఇంట్లో పిల్ల ఉంది.

గుణుపురంలో ఆదివారం. వంశధార మీంచి ముసురు.
ఇనుముకి వానాకాలం అప్పులోడు లాంటిది,
చెప్పకుండా వస్తాది, గుమ్మంలో కూకుంటాది.
చాప మీద ఒడియా పేపరు పరిచి
తుపాకీని పడుకోబెట్టాను.
మూత తిప్పితే గొట్టం చేతికొచ్చింది.
తవిటమ్మ తన కుట్టుమిషను నూనెబుడ్డి ఇచ్చి
"సగమే వాడు, రేపు పెళ్లోళ్ల జాకెట్లున్నాయి" అంది.

ఇది ఉంటే నెలకి పధ్నాలుగు వేలు.
లేకపోతే అదే బ్యాంకు, అదే స్టూలు, ఎనిమిది.
రాయగడలో లైసెన్సు రెన్యువలప్పుడు
కారణం అన్న గడి దగ్గర గుమస్తా పెన్ను ఆపాడు.
బియ్యం, అన్నాను.
నవ్వి, ఆత్మరక్షణ అని రాసుకున్నాడు.

మా అయ్య దుక్కిటెద్దుని ఏట్లో తోమేవాడు.
అదైనా అప్పుడప్పుడు రంకేసేది.
ఇది పదకొండేళ్లుగా నోరు విప్పలేదు.
బెల్టులో తూటాల ఎరుపు వెలిసి
ఉల్లిపొట్టు రంగుకొచ్చింది.

పిన్నులు రెండు.
మొదట్లో చీపురుపుల్లతో పొడిచేవాణ్ణి,
ఇప్పుడు సైకిలు ఊసని అరగదీసి పెట్టుకున్నాను.
ట్రిగ్గరు ముద్ద సందుల్లో బ్యాంకు రోడ్డు ఎర్రదుమ్ము,
ఒక చీమ కూడా, ఎప్పుడో చచ్చింది.
పాత పళ్లబ్రష్షు, నా పాత పంచె పీలికలు.
గొట్టంలోంచి గుడ్డ లాగి కిటికీ వైపెత్తి చూస్తే
చివర చిల్లుకాసంత గుణుపురం:
తడిసిన రేకు, దాని కింద మేక.

ముందుచెక్క దగ్గర చేయి ఆగుతుంది. ప్రతిసారీ.
వెనక్కి లాగి ముందుకి తోస్తే వచ్చే ఆ చప్పుడు,
చక్, చక్.
ఆ ఆరు వేల తేడా ఆ చప్పుడుకే ఇస్తున్నారు.
డ్యూటీలో ఒక్కసారే చేశాను.
నోట్లు రద్దయిన చలికాలం,
అద్దం తలుపు పగిలేంత తోపులాట,
లోపల్నించి మేనేజరు చెయ్యి ఊపాడు.
చక్, చక్.
ఖాళీ గొట్టమే.
వీధి వీధంతా వెనక్కి జరిగింది,
ఒక్క సవర ముసల్ది తప్ప.
ఉన్నచోటే కూలబడి
కొంగుముడి రెండు చేతులా పైకెత్తి చూపించింది,
ఇవే ఉన్నాయి, తీసుకో, అన్నట్టు.
మూడు ఐదొందలు.

మొన్న ఆ మనిషే మా గుమ్మంలోకొచ్చింది,
పసుపుకొమ్ములు అమ్ముకుంటా.
నేను బనీను మీదున్నాను. పోల్చలేదు.
"కొండ పసుపు బాబూ, మంచిది" అంది.
తవిటమ్మ బేరమాడుతుంటే
అడిగినంతా ఇచ్చీ, అని కసిరాను.
ఏటయిందని రాత్రి దాకా అడిగింది.
చెప్పలేదు.

బిగించేటప్పుడు చిన్న స్ప్రింగొకటి ఎగిరి
మంచం కిందకి పోయింది.
పిల్ల బడి అయస్కాంతం తెచ్చి బోర్లా పడుకుని వెతికింది.
రెండు గుండుసూదులు, జాకెట్టు హుక్కులు నాలుగు,
ఎవరిదో కాలిపట్టా మువ్వ అంటుకోకుండా పక్కకి దొర్లింది,
ఆఖర్న అది.

చెక్క జారే పట్టాలకి నూనె ఎక్కువే పోశాను.
జొగి చూస్తే తిడతాడు,
నూనె ఎక్కువైతే దుమ్ము పడతాదని.
పడనీ.
మెల్లగా లాగాను, మెల్లగా తోశాను,
పిల్ల పడుకున్నాక తలుపు దగ్గరేసినట్టు.
ఇంకా వినపడుతోంది.
ఇంకో చుక్క.

లోపల్నించి తవిటమ్మ:
"బుడ్డిలో ఏటైనా మిగిల్చావా?"